గెట్టు పంచాయితీలో మా తమ్ముణ్ని కొట్టారు, తొమ్మిదో రోజు చనిపోయాడు. 105 సెక్షన్ పెట్టారు, హత్య సెక్షన్ 103 ఎందుకు కాదు?

పరకాల_అక్క:

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో బట్టలు కుడుతూ బతుకుతున్న దాన్ని. పుట్టిల్లు పరకాల దగ్గర ఒక పల్లె. కోర్టుల గురించి నాకు ఏమీ తెలియదు. తప్పుగా రాస్తే మన్నించండి.

మా తమ్ముడికి 34 ఏళ్లు. రెండెకరాల పది గుంటల చెలకలో పత్తి, మక్క వేసేవాడు. పక్క చెలక మా పాలోళ్లదే. గెట్టు దగ్గర మూడేళ్లుగా పంచాయితీ. సర్వేయర్ వచ్చి కొలిచి హద్దు రాళ్లు పాతించి పోయాడు. నెల తిరగకముందే అందులో ఒక రాయి మాయమైంది.

పోయిన కార్తీకంలో ఒకనాడు సాయంత్రం ఐదున్నరకు తమ్ముడు గెట్టు దగ్గర ఉండగా వాళ్ల తండ్రి, ఇద్దరు కొడుకులు వచ్చారు. మాటా మాటా పెరిగింది. చిన్న కొడుకు వెనక నుంచి చేతులు పట్టుకున్నాడు. పెద్దవాడు పార తిరగేసి తల మీద కొట్టాడు. మరదలు చెలక ఆ చివర పత్తి ఏరుతోంది, అరుపులు విని ఉరికొచ్చింది. ఇంకో కూలీ ఆమె కూడా చూసింది.

తమ్ముడు తనే బండి నడుపుకుంటూ ఇంటికి వచ్చాడు. తల కడుక్కున్నాడు. ఏడు గంటలకు నాకు ఫోన్ చేసి 'ఏం కాలేదక్కా, బుగ్గ కట్టింది అంతే' అన్నాడు. రాత్రి 11 దాటాక వాంతులు మొదలయ్యాయి, మాట తడబడింది. పరకాల తీసుకుపోతే అక్కడి నుంచి వరంగల్‌కు రాశారు. తల ఎముక చిట్లింది, లోపల రక్తం గడ్డకట్టింది అన్నారు. ఆపరేషన్ చేశారు. తొమ్మిదో రోజు పొద్దున పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఇంకా అంగన్‌వాడీకి పోతోంది.

మొదట పోలీసులు గాయాల కేసు రాశారు. తమ్ముడు పోయాక సెక్షన్ మార్చాం అన్నారు. చూస్తే 105. సీఐ గారిని అడిగితే 'అప్పటికప్పుడు జరిగిన కొట్లాట, చంపాలని రాలేదు కదమ్మా' అన్నారు. మనిషి చచ్చిపోయాక కూడా మర్డర్ కేసు కాదా? ఆ మాట నాకు మింగుడు పడడం లేదు.

ఇంకా మూడు సంగతులు. ఒకటి, వాళ్ల వైపువాళ్లు 'అతనికి బీపీ ఉంది, రాత్రిదాకా దవాఖానకు తీసుకుపోలేదు, అందుకే పోయాడు' అని ఊరంతా చెబుతున్నారు. రెండోది, పెద్దమనుషులు వచ్చి పిల్లల పేరు మీద డబ్బు వేయిస్తాం, రాజీ కండి అంటున్నారు. మూడోది, మా ఊళ్లో ఒకాయన 'ఇంటి దగ్గర్నుంచే పార పట్టుకొచ్చారని, "ఇయ్యాల నిన్ను చంపుడే" అని అరిచారని మరదలితో చెప్పించండి, 103 అదే పడుతుంది' అంటున్నాడు. మరదలు నా ముఖం చూస్తోంది. నేను ఏం చెప్పాలి?

వకీలు_నయీంనగర్:

అమ్మా, మీ తమ్ముడి గురించి చదివి మనసు కలత పడింది. 22 ఏళ్లుగా హన్మకొండ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తున్నాను. కాస్త వివరంగా రాస్తాను, నిదానంగా చదవండి.

మనిషి చనిపోయిన ప్రతి కేసూ చట్టం దృష్టిలో హత్య కాదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 302 ఇప్పుడు 103, పాత 304 ఇప్పుడు 105. 103 అంటే మరణశిక్ష లేదా యావజ్జీవం. 105 అంటే హత్య కిందికి రాని నరహత్య. ఇది చిన్న కేసు అనుకోకండి. చావుకు దారితీసే గాయం చేయాలనే ఉద్దేశంతో కొట్టాడని తేలితే యావజ్జీవం వేయొచ్చు, లేదా 5 ఏళ్లకు తగ్గకుండా 10 ఏళ్ల దాకా. ఉద్దేశం లేదు, చావొచ్చని తెలిసి మాత్రమే కొట్టాడంటే 10 ఏళ్ల దాకా. రెండూ సెషన్స్ కోర్టు కేసులే. కాబట్టి 105 పెట్టారంటే వదిలేశారని కాదు.

ఇక తేడా ఎక్కడ ఉంది? 'చంపుతా' అని నోటితో అన్నాడా లేదా అన్నది ఒక్కటే చూడరు. హత్య అంటే ఏమిటో చెప్పే 101లో మూడో రకం ఒకటుంది. ఆ గాయం చేయాలనే కొట్టి, ఆ గాయం మామూలుగా మనిషి ప్రాణం తీయడానికి సరిపోయేదైతే, చంపాలనే కోరిక వేరే రుజువు కానక్కర్లేదు. 1958లో విర్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇది, ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. అప్పటి గుంటూరు జిల్లాలోని ఒక ఊరి కేసు, పున్నయ్య కేసు అంటాం, 1976లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు, తల మీద ఒక్క దెబ్బ లేదు, మనిషి మర్నాడు చనిపోయాడు. హైకోర్టు తగ్గించిన సెక్షన్‌ను సుప్రీంకోర్టు మళ్లీ 302 చేసింది. మీ తమ్ముడికి తగిలింది తలకు. ఇనుప పారతో. చేతులు పట్టుకుని ఉండగా. కాబట్టి 'చంపాలని రాలేదు' అన్న ఒక్క మాటతో ఈ కేసు తేలిపోదు.

పోలీసులు పట్టుకున్నది 101లోని నాలుగో మినహాయింపు. ముందు అనుకోకుండా, అప్పటికప్పుడు వచ్చిన కొట్లాటలో, ఆవేశంలో జరిగితే 105కు దిగుతుంది. మొదట ఎవరు రెచ్చగొట్టారన్నది అందులో లెక్కలోకి రాదు. కానీ ఈ మినహాయింపు దొరకాలంటే ఇంకో షరతు ఉంది, కొట్టినవాడు అదను చూసుకుని అన్యాయంగా గానీ, క్రూరంగా గానీ ప్రవర్తించి ఉండకూడదు. ఖాళీ చేతులతో ఉన్నవాణ్ని ఒకడు పట్టుకుంటే ఇంకొకడు కొట్టడం ఏ కిందికి వస్తుందో మీరే ఆలోచించండి. అందుకే అడుగుతున్నాను, దెబ్బలు ఎన్ని? తమ్ముడు నిలబడి ఉన్నాడా, పడి ఉన్నాడా? మరదలు వాంగ్మూలంలో ఏం రాశారు?

బీపీ, ఆలస్యం మాటలకు భయపడకండి. సరైన వైద్యం అందితే బతికేవాడు అన్నా సరే, గాయం వల్ల చావు వస్తే గాయం చేసినవాడే చావుకు కారకుడని చట్టంలోనే వివరణ ఉంది. ఉన్న జబ్బును ముదిరించి చావును ముందుకు తెచ్చినా అంతే.

రాజీ సంగతి. 103 గానీ 105 గానీ రాజీతో కొట్టేసే కేసులు కావు. ఊరి పెద్దలు రాయించే కాగితానికి కోర్టులో విలువ లేదు. డబ్బు తీసుకున్నాక సాక్షులు మాట మార్చాలని ఒత్తిడి పెడతారు, చివరికి జరిగేది అదే. పిల్లల కోసమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో బాధితుల పరిహారానికి దరఖాస్తు చేయండి, దానికి ఎవరి దయా అక్కర్లేదు.

మూడో సంగతి మీ జవాబు చూశాక రాస్తాను.

మల్లంపల్లి_రైతు:

అక్కా, మూడో సంగతికి నేను చెబుతాను, మా ఇంట్లో జరిగింది కాబట్టి. మా పెదనాన్నను 2011లో బాయి దగ్గర నీళ్ల గొడవలో కొట్టి చంపారు. కొట్టింది ఇద్దరు. మేం కోపంలో ఐదుగురి పేర్లు రాయించాం. వాళ్ల ముసలి తల్లి పేరు కూడా. కత్తి లేకపోయినా కత్తి అన్నాం. కోర్టులో మా చిన్నాన్నను వాళ్ల వకీలు ఒక పూటంతా నిలబెట్టి అడిగాడు. కత్తి గాయం పోస్ట్‌మార్టంలో ఏది? ఆ ముసలామె ఆ రోజు దవాఖానలో అడ్మిట్ అయిన చీటీ ఇదిగో, మరి బాయి దగ్గర ఎట్లా ఉంది? చిన్నాన్నకు నోట మాట రాలేదు. ఈ సాక్షి ఏది నిజం చెబుతున్నాడో నమ్మలేమని ఐదుగురినీ వదిలేశారు. నిజంగా కొట్టిన ఇద్దరు ఇవాళ్టికీ మా ముందు నుంచే ట్రాక్టర్ తోలుకుంటూ పోతారు. మేం కలిపిన అబద్ధమే వాళ్లను బయటికి తెచ్చింది. మీ మరదలి చేత అట్లా చెప్పించకండి, చేతులెత్తి దండం పెడుతున్నా.

పరకాల_అక్క:

వకీలు సార్, రాత్రి మరదలిని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాను. ఇంతకాలం ఆ రోజు మాట ఎత్తితే ఏడ్చేది, నేనూ అడగలేదు. రెండు దెబ్బలంట సార్. మొదటి దెబ్బకు తమ్ముడు మోకాళ్ల మీద కూలబడ్డాడు, చెయ్యి అడ్డం పెట్టి 'వద్దన్నా' అన్నాడు. రెండోది అప్పుడు కొట్టాడు. ఎడమ చెవి పైన. ఆ చేతి మీద కూడా వాపు ఉండె, మేం లెక్క చేయలేదు. పోలీసుల దగ్గర ఆమె 'తలమీద పారతో కొట్టారు' అని ఒక్క ముక్క చెప్పిందంట, ఎన్ని అని ఎవరూ అడగలేదంట. కూలీ ఆమెను అసలు పిలవనే లేదు.

వకీలు_నయీంనగర్:

అమ్మా, మీ కేసు మొత్తం ఆ రెండో దెబ్బలో ఉంది. కూలబడి, చెయ్యి అడ్డం పెట్టి, వద్దన్నా అన్న మనిషి తల మీద కొట్టడం కొట్లాట కాదు. అదను చూసి కొట్టడమే. నాలుగో మినహాయింపు అక్కడ తెగిపోతుంది అని వాదించడానికి గట్టి ఆధారం దొరికింది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. దర్యాప్తు అధికారికి మరదలి పేరుతో ఒక దరఖాస్తు ఇవ్వండి. తన వాంగ్మూలం అసంపూర్తిగా ఉందని, మళ్లీ రాసుకోమని, కూలీ ఆమెను కూడా విచారించమని. వీలైతే ఇద్దరి వాంగ్మూలం మేజిస్ట్రేట్ ముందు భారతీయ నాగరిక సురక్ష సంహిత 183 కింద నమోదు చేయించమని అడగండి, కాపీ మీద ఠాణా ముద్ర వేయించుకోండి. ముద్ర వేసి ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఒక కాపీ కమిషనర్ ఆఫీసుకు. పోస్ట్‌మార్టం రిపోర్టులో చేతి వాపు, తల మీద ఎన్ని గాయాలు రాశారో చూడండి. పారను డాక్టర్‌కు చూపించి, ఈ గాయం దీనితో అవుతుందా, ఇది మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోయే గాయమేనా అని దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి. చాలా కేసుల్లో ఆ ఒక్క వాక్యం లేకే సెక్షన్ జారిపోతుంది. ఆసుపత్రి కేస్ షీట్ కూడా రికార్డులోకి రావాలి, ఎవరు కొట్టారని చేర్చుకున్నప్పుడు ఎవరు చెప్పారో అందులో ఉంటుంది. తమ్ముడే చెప్పి ఉంటే దాని విలువ వేరు.

చార్జిషీట్ 105తోనే వచ్చినా దారి మూసుకుపోదు. ఏ సెక్షన్ కింద విచారించాలో ఖరారు చేసేది సెషన్స్ జడ్జి, పోలీసులు కాదు. తీర్పు చెప్పేదాకా అభియోగాన్ని మార్చే అధికారం జడ్జికి ఉంది. పీపీ గారికి, అంటే ప్రభుత్వం తరఫున వాదించే వకీలుకు, సాయంగా సొంత వకీలును పెట్టుకోవడానికి మీరు కోర్టు అనుమతి అడగొచ్చు, మీ మొదటి వాదన అభియోగం ఖరారు చేసేటప్పుడే ఉండాలి. ఎందుకంటే 103 కింద విచారించి చివర్లో 105కు దించడం జడ్జికి సులువు. 105 కింద మొదలుపెట్టి 103కు పోవాలంటే అభియోగం మార్చాలి, సాక్షులను మళ్లీ పిలవాల్సి రావచ్చు. రేపు తక్కువ సెక్షన్ కింద శిక్ష వేస్తే దాని మీద అప్పీలు చేసే హక్కు కూడా బాధిత కుటుంబానికి ఉంది.

ఇక మూడో సంగతి. మల్లంపల్లి సోదరుడు చెప్పిందానికి నేను కలిపేది కొంచెమే. 2006లో పులిచెర్ల నాగరాజు కేసులో ఉద్దేశం తేల్చడానికి ఏమేం చూడాలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయుధం వెంట తెచ్చుకున్నదా, అక్కడే దొరికిందా అన్నది అందులో ఒకటి. ఒకటి మాత్రమే. దెబ్బ ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది, ఎన్ని పడ్డాయి అన్నవీ అందులోనే ఉన్నాయి. మీ దగ్గర ఉన్న నిజం సరిపోతుంది. పార ఎవరిదో మరదలిని నేరుగా అడగండి. దాని కామ మీద గుర్తులు, పేరు చెక్కడం ఏమైనా ఉంటే అది పంచనామాలో ఉంటుంది, వాళ్ల వకీలు చూడకుండా పోడు.

పరకాల_అక్క:

సార్, మరదలిని అడగాల్సిన పని లేదు. అది నాకు తెలుసు. మొదటి పోస్టులో కావాలనే రాయలేదు, క్షమించండి. పార మా తమ్ముడిదే. గెట్టు మీద గడ్డి చెక్కుతున్నాడు ఆ సాయంత్రం. కామ మా నాన్న చేసింది, తుమ్మకర్ర, పట్టుకునే దగ్గర నున్నగా అరిగిపోయి ఉంటుంది. వాళ్లు వచ్చి మాట్లాడుతుంటే పక్కన గెట్టుకు ఆనించి నిలబెట్టాడంట. పెద్దవాడు అందుకున్నది దాన్నే. మా పారతోనే పోయాడని చెబితే కేసు పలచబడుతుందని భయపడ్డాను. ఊళ్లో ఆయన చెప్పిన మాట అందుకే కొంచెం నచ్చింది నాకు.

మరదలికి చెప్పాను, పార మనదే అని చెప్పు, రెండు దెబ్బలు అని చెప్పు, 'వద్దన్నా' అన్నాడని చెప్పు, అరవనిది అరిచారని చెప్పకు అని. తల ఊపింది. సోమవారం ఇద్దరం ఠాణాకు పోతున్నాం. కూలీ ఆమె కూడా వస్తానంది, ఆ రోజు కూలి నేను ఇస్తానన్నా వద్దంది.