రెండు నోడ్‌ల పేస్‌మేకర్: లింక్ తెగితే రెండూ ఆగిపోతున్నాయి

ప్రశ్న:
పేస్‌మేకర్ (ఒక సర్వర్ పడితే పనిని ఇంకోదానికి మార్చే క్లస్టర్ సాఫ్ట్‌వేర్) కింద రెండు నోడ్‌లు, అంటే రెండు సర్వర్లు. షేర్డ్ డిస్క్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఒక్కో నోడ్‌కి ఒక్కో ఫెన్స్ ఐపీఎంఐల్యాన్ డివైజ్ (నెట్‌వర్క్ మీదుగా ఆ నోడ్ పవర్ ఆపేసేది, ఇలా ఆపడమే ఫెన్సింగ్) ఉంది. కోరోసింక్ (నోడ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లింక్) కేబుల్ పీకితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, అంటే పవర్ ఆపేసుకుంటున్నాయి. నోడ్ 1 పవర్ కేబుళ్లు పీకితే నోడ్ 2 ఉలకదు పలకదు, డేటాబేస్ లేవట్లేదు. ఫెన్సింగ్‌ని ఆన్, ఆఫ్ చేసే స్టోనిత్ ఎనేబుల్డ్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేసేయమంటారా?

జవాబు:
ఆ పని మాత్రం చేయకండి. అలా చేస్తే లింక్ తెగిన రోజు రెండు నోడ్‌లూ ఒకే డిస్క్‌ని మౌంట్ చేస్తాయి. డిస్క్ మీది ఫైల్ సిస్టమ్ (ఎక్స్‌ఎఫ్‌ఎస్) పాడైతే ఇక బ్యాకప్పే గతి.

ఒకదాన్నొకటి కొట్టుకోవడానికి మందు డిలే, అంటే ఒక నోడ్‌ని కొట్టే ముందు కాస్త ఆగడం. నోడ్ 1 బతకాలంటే పీసీఎంకే డిలే బేస్ సెట్టింగ్‌ని నోడ్ 1ని ఆపే డివైజ్ మీదే పెట్టాలి. చాలామంది ఇక్కడే తిరగేసి పెడతారు. 10 సెకన్లు ఇచ్చి చూడండి. డేటాబేస్ ఏ నోడ్‌లో ఉంటే దాన్నే బతికించాలంటే, పేస్‌మేకర్ 2.0.4 నుంచి ప్రయారిటీ ఫెన్సింగ్ డిలే అనే సెట్టింగ్ ఉంది. రిసోర్స్‌కి (ఇక్కడ డేటాబేస్‌కి) ప్రయారిటీ కూడా ఇవ్వాలి. రెండు నోడ్‌లలోనూ లాగిన్‌డీ (పవర్ బటన్ నొక్కితే ఏం చేయాలో చూసే లినక్స్ సర్వీస్) కాన్ఫిగ్‌లో హ్యాండిల్ పవర్ కీని ఇగ్నోర్ చేయండి. లేకపోతే పవర్ ఆఫ్ వచ్చినప్పుడు నోడ్ వెంటనే పడకుండా, తీరిగ్గా షట్‌డౌన్ మొదలెట్టే అవకాశం ఉంది. ఆ సందులో అవతలి దాన్ని కొట్టేస్తుంది.

మరో జవాబు:
పవర్ కేబుళ్ల సంగతి: బీఎంసీకి (ఐపీఎంఐ ఆదేశాలు అందుకుని సర్వర్ పవర్ ఆపే చిన్న చిప్) కరెంటు ఆ సర్వర్ సప్లై నుంచే. కేబుళ్లు పోతే బీఎంసీ కూడా పోయినట్టే. నోడ్ 1 ఆగిందన్న రుజువు దొరక్క నోడ్ 2 కదలదు, కదలకూడదు కూడా. ఐపీఎంఐ పలకకపోతే వాడేలా రెండో లెవెల్‌గా పీడీయూ (నెట్‌వర్క్ నుంచి ఆపగలిగే పవర్ స్ట్రిప్) పెట్టండి. పవర్ సప్లైలు రెండుంటే రెండు పీడీయూ డివైజ్‌లనూ కామాతో ఒకే లెవెల్‌లో ఇవ్వాలి. వేర్వేరు లెవెల్స్‌లో పెడితే ఒక సప్లై మాత్రమే ఆగుతుంది, సర్వర్ రెండోదాని మీద నడుస్తూనే ఉంటుంది, క్లస్టరేమో అది చచ్చిందనుకుంటుంది. పీడీయూ కూడా పలకకపోతే పీసీఎస్ స్టోనిత్ కన్ఫర్మ్ (నోడ్ ఆగిందని క్లస్టర్‌కి మనమే చెప్పే కమాండ్) ఒక్కటే దారి. నోడ్ ఆగిందని కళ్లారా చూశాకే ఆ కమాండ్ కొట్టండి.

ప్రశ్న అడిగినవారు:
డిలే పెట్టాక ఒక్కటే పడుతోంది, థాంక్సండి. కానీ నోడ్ 2 నుంచి ఐపీఎంఐతో నోడ్ 1 బీఎంసీని స్టేటస్ అడిగితే టైమౌట్.

జవాబు:
ఫెన్స్ డివైజ్‌లో ల్యాన్‌ప్లస్ 1 (ఐపీఎంఐ 2.0 వాడమనే సెట్టింగ్) పెట్టారా? ఇప్పటి బీఎంసీలు చాలావరకు ఐపీఎంఐ 2.0కే పలుకుతాయి. యూడీపీ 623 పోర్ట్ తెరిచి ఉందా, బీఎంసీ మెనూలో ఐపీఎంఐ ఓవర్ ల్యాన్ ఆన్‌లో ఉందా కూడా చూడండి. బీఎంసీ, కోరోసింక్ కేబుళ్లు ఒకే స్విచ్‌లో ఉంటే విడదీయండి, లేదంటే స్విచ్ పోయినప్పుడు ఫెన్సింగ్ కూడా పోతుంది.