‘నేను స్త్రీని కానా?’: సోజర్నర్ ట్రూత్ ప్రశ్నకు తెలుగు

బానిసత్వ నిర్మూలనకూ స్త్రీల హక్కులకూ పోరాడిన అమెరికా నల్లజాతి వక్త సోజర్నర్ ట్రూత్ పేరున ప్రసిద్ధమైన ‘Ain't I a woman?’ అన్న ప్రశ్నను ‘నేను ఆడదాన్ని కాదా?’ అని తెలుగు చేయవచ్చునా అని మన గుంపులో ఒక సభ్యురాలు అడిగారు. ‘నేను’ కర్తగా ఉన్నప్పుడు ‘కానా’ అనడమే సరి కనుక ఆ సంగతిని అంతటితో వదిలేద్దాం. అసలు చిక్కు ‘ఆడది’ అన్న మాటలో ఉంది.

బాలవ్యాకరణం స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను మహత్తులకు, అంటే పురుషులను చెప్పే మాటల వర్గానికి, వెలిగా ఉంచింది. ఏకవచనంలో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బండి వచ్చింది’ అని మూడింటికీ క్రియ ఒక్కటే కావడం అందువల్లనే. ‘ఆడది’ చివరనున్న ‘ది’ కూడా ఆ వరుసలోదే. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టి, సుమారు 9 ఏళ్ల వయసులో ఒక గొర్రెల మందతో కలిపి 100 డాలర్లకు అమ్ముడుపోయిన మనిషి నోట ఆ ‘ది’ని పలికించడానికి నాకు మనసొప్పదు. పైగా ఆమె ఆడది కాదని యజమానులెవరూ అనలేదు. స్త్రీ అన్న మాటతో తెల్లవారి ఆడవాళ్లకు దక్కే మర్యాదను మాత్రమే ఆమె దాకా రానివ్వలేదు. స్త్రీలను చేయి పట్టుకుని బండి ఎక్కించాలని చెప్పే పురుషుడి మాటనే అందుకుని, తనకు ఎవరూ ఎన్నడూ అలా చేయి అందించలేదని చెబుతూ ఆమె ఈ ప్రశ్న వేస్తుంది. కాబట్టి ఆ పురుషుడు గౌరవంగా వాడే ‘స్త్రీ’ శబ్దమే ఆమె నోటా రావాలని నా అభిప్రాయం.

దీన్ని ఏదైనా మాండలికంలోకి దించాలన్న సూచనతో నేను ఏకీభవించలేను. ఈ ప్రశ్న, స్త్రీల హక్కుల సభలో ట్రూత్ చేసిన ఒక ప్రసంగానికి ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్లజాతి రచయిత్రి 1863లో ప్రకటించిన పాఠంలోనిది. అమెరికా దక్షిణాది బానిసల యాసగా ఆనాటి పాఠకులు ఎరిగిన యాసను గేజ్ ఆ పాఠంలో ఆమెకు అంటగట్టారు. ట్రూత్ ఉత్తరాదిలో పెరిగిన మనిషి, ఆమె మొదట నేర్చినది డచ్చి భాష. ఒహాయోలోని అక్రన్‌లో 1851 మే నెలలో ఆమె ఆ ప్రసంగం చేసిన కొద్ది వారాలకే పత్రికా సంపాదకుడు మారియస్ రాబిన్సన్ అచ్చువేసిన పాఠంలో ఈ ప్రశ్నే కనబడదు. నల్లజాతి స్త్రీ పలుకును కూడా తెల్లవారే దిద్ది అచ్చువేసిన కాలమది. దానికి మనమూ మరొక యాస తొడగడం అన్యాయమవుతుంది.

రాబిన్సన్ పాఠంలో ఆమె ప్రశ్నించడానికి బదులు, తానే స్త్రీల హక్కునని (‘I am a woman's rights’) ప్రకటిస్తుంది. దున్నాను, కోత కోశాను, ఏ మగవాడైనా ఇంతకన్నా చేయగలడా అంటుంది. ‘మనిషిని’ అన్నట్టుగా నామవాచకానికే ‘నేను’ అన్న అర్థాన్ని తగిలించే వీలు మన భాషకు ఉంది కనుక, నేను దీన్ని ‘నేనే స్త్రీల హక్కును’ అని రాసుకున్నాను. అయితే ‘హక్కును’ అన్నది ద్వితీయా విభక్తిగా పొరపడే ప్రమాదం ఉంది. ఇంతకన్నా స్పష్టమైన రూపం తోచినవారు చెప్పగలరు.