అప్‌డేట్: రెండు రెటీనా చిత్రాల మధ్య తేడాకు కారణం తెలిసింది

స్టార్‌గార్ట్ వ్యాధి (వంశపారంపర్యంగా వచ్చి రెటీనా మధ్యభాగాన్ని దెబ్బతీసే కంటి జబ్బు) ఉన్న మా తమ్ముడికి ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఆటోఫ్లోరెసెన్స్ చిత్రాల్లో (కాంతి పడినప్పుడు రెటీనాలోని పదార్థాలు మెరవడాన్ని పట్టే ఫొటోలు), రెండోదానిలో నల్లని ప్రాంతం బాగా పెద్దదిగా కనిపించడంతో, వ్యాధి ఇంత త్వరగా ముదిరిందా అని లోగడ అడిగాను. రెటీనా నిపుణురాలికి రెండూ చూపించాక విషయం తేలింది.

మొదటి చిత్రం 488 నానోమీటర్ల నీలి కాంతితో తీసినది, రెండోది 787 నానోమీటర్ల సమీప పరారుణ కాంతితో తీసినది. నీలి కాంతికి ముఖ్యంగా మెరిసేది రెటీనా వెనుక వర్ణక పొరలో పేరుకునే లైపోఫసిన్ అనే వ్యర్థపదార్థం. పరారుణ కాంతికి మెరిసేది మెలనిన్ అనే ముదురు రంగు వర్ణకం. స్టార్‌గార్ట్‌లో పరారుణ చిత్రం దెబ్బతిన్న ప్రాంతాన్ని తరచుగా మరింత విశాలంగా చూపుతుంది కనుక, ఒకటి మూరలతోనూ మరొకటి గజాలతోనూ కొలిచి తేడా వచ్చిందని నేను కంగారుపడ్డట్టయింది.

ఆకుపచ్చ కాంతి గురించీ అడిగాను. మాక్యులాలోని (రెటీనా మధ్యభాగంలోని) పసుపు వర్ణకం నీలి కాంతిని పీల్చుకోవడం వల్ల దృష్టి కేంద్రం సహజంగానే నల్లగా కనబడుతుందని, ఆకుపచ్చలో ఆ ఇబ్బంది తక్కువని చెప్పారు. ఈ వ్యాధికి ఎక్కువగా కారణమయ్యే ఏబీసీఏ4 జన్యులోపం ఉన్నవారి రెటీనాకు తీవ్రమైన కాంతి హాని చేయవచ్చనే జాగ్రత్తతో, నీలి కాంతి తీవ్రతను తగ్గించి తీసే పద్ధతి కూడా ఉందట. ఇది మాకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఇకపై ప్రతిసారీ అదే యంత్రంతో, అదే తరంగదైర్ఘ్యంతో తీయించి, ఓసీటీతో (రెటీనా పొరలను అడ్డుకోతలో చూపే స్కాన్‌తో) కలిపి పోల్చాలని నిర్ణయించుకున్నాం.