ఇంటి పన్నుకు 1 శాతం సీలింగ్ ఉన్నా ఇండియానాలో కౌంటీ ఆదాయ పన్ను ఎందుకు కడుతున్నాం?

హ్యామిల్టన్ ఇల్లు:
ఇండియానాలో సొంతింటి ప్రాపర్టీ ట్యాక్స్ ఇంటి విలువలో 1 శాతం దాటకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అయినా పే స్టబ్‌లో స్టేట్ ట్యాక్స్ కింద కౌంటీ ట్యాక్స్ అని ఇంకో కోత ఉంటుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే కదా ఇది? సీలింగ్ వల్ల సిటీకి నిజంగా ఎంత పోతుంది, ఆదాయ పన్ను ఆ గండిని పూడుస్తుందా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. టెక్సాస్ నుంచి ఇక్కడికి మారేవాళ్లు తేదీల విషయంలో ఏం చూసుకోవాలో కూడా చెబితే మేలు.

లెక్కల పంతులు:
ముందు సీలింగ్ సంగతి. ఇది 2008 చట్టంతో వచ్చింది, 2010 నవంబర్ ఓటింగ్‌లో రాజ్యాంగంలోకి ఎక్కింది. సొంతంగా ఉండే ఇంటికి 1 శాతం, అద్దె ఇళ్లకూ సాగు భూమికీ 2 శాతం, దుకాణాలు, ఫ్యాక్టరీలు వగైరాకు 3 శాతం.

చాలామంది పొరబడేది ఒకటుంది. సీలింగ్ లెక్కేది మొత్తం విలువ మీద, పన్ను లెక్కేది మినహాయింపులు పోగా మిగిలిన విలువ మీద. 4,00,000 డాలర్ల ఇల్లు తీసుకోండి. 2025లో కట్టిన బిల్లుల నిబంధన ప్రకారం ముందు 48,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 3,52,000. అందులో 37.5 శాతం సప్లిమెంటల్ డిడక్షన్ కూడా తీసేస్తే 2,20,000. మీ ట్యాక్సింగ్ డిస్ట్రిక్ట్ (ఒకే పన్ను రేటు వర్తించే ప్రాంతం) రేటు 2.4 శాతం అనుకుంటే బిల్లు 5,280. సీలింగ్ 4,000. మిగతా 1,280 మీరు కట్టరు. దాన్నే సర్క్యూట్ బ్రేకర్ క్రెడిట్ అంటారు. సిటీ, కౌంటీ, లైబ్రరీ, స్కూల్, టౌన్‌షిప్ తమ తమ రేట్ల నిష్పత్తిలో ఆ నష్టాన్ని పంచుకుంటాయి. ఈ ఇంటికి రేటు 1.82 శాతం లోపు ఉంటే సీలింగ్ అసలు తగలదు. అందుకే ఊరి మధ్యలో రేటు ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లు నష్టపోతాయి, ఊరి బయట టౌన్‌షిప్‌లకు సెగ తగలదు.

ప్రజలు ఓటేసి ఒప్పుకున్న స్కూల్ రెఫరెండం పన్ను ఈ సీలింగ్ బయట ఉంటుంది. బిల్లు 4,000 దాటి వస్తే ఎగిరిపడకుండా ముందు ఆ లైను చూడండి.

సిటీకి అసలు దెబ్బ ఎక్కడంటే, బాండ్ల అప్పు కిస్తీలు ఎలాగైనా కట్టాలి. కాబట్టి నష్టమంతా జనరల్ ఫండ్ మీద, అంటే పోలీసు, ఫైర్, పార్కుల మీద పడుతుంది. అక్కడికే ఆదాయ పన్ను సాయం వస్తుంది.

పన్ను బండి:
పంతులు గారి లెక్క సరైనదే కానీ ఒక ముక్క వదిలేశారు. సీలింగ్ కన్నా ముందే ఇంకో కళ్లెం ఉంది: సిటీ వసూలు చేసే మొత్తమే ఏటా ఇంతకు మించి పెరగకూడదని లెవీ పరిమితి. ఇళ్ల విలువలు రెట్టింపైనా సిటీకి రెట్టింపు డబ్బు రాదు, రేటు కిందికి దిగుతుంది. ధర పెరిగింది కాబట్టి సిటీ లాభపడిందనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక ఆదాయ పన్ను. 2017కు ముందు మూడు పేర్లతో ఉన్న కౌంటీ పన్నుల్ని కలిపి లోకల్ ఇన్‌కమ్ ట్యాక్స్ చేశారు. రేటు కౌంటీ స్థాయిలో నిర్ణయమవుతుంది: హ్యామిల్టన్ కౌంటీలో 1.1 శాతం, పక్కనే ఉన్న మేరియన్‌లో, అంటే ఇండియానాపోలిస్‌లో, 2.02 శాతం. జీతం 1,20,000, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అనుకోండి. 7,000 మినహాయింపులు పోగా 1,13,000 మీద హ్యామిల్టన్‌లో సుమారు 1,243 డాలర్లు, మేరియన్‌లో 2,283.

ఇది గండిని పూడుస్తుందా అంటే, పూడుస్తుంది గానీ వేరేవాళ్ల మట్టితో. ఫ్యాక్టరీకో మాల్‌కో 3 శాతం సీలింగ్ వల్ల తగ్గిన డబ్బును జీతగాళ్లు నింపుతారు, ఎందుకంటే ఈ పన్ను వ్యక్తుల మీదే, కార్పొరేషన్ల మీద లేదు. సోషల్ సెక్యూరిటీ (కేంద్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను) మీద ఇండియానా పన్ను వేయదు కాబట్టి ఆ ఆదాయంతో బతికే పెద్దవాళ్లకు ఇది లాభం. అద్దెకుండేవాళ్లు మాత్రం రెండు వైపులా కడతారు: ఇంటి యజమాని 2 శాతాన్ని అద్దెలో కలుపుతాడు, ఆదాయ పన్ను నేరుగా పడుతుంది.

పైగా ఈ డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఈ ఏడాది కోసుకున్నది ఈ ఏడాదే సిటీకి చేరదు. జూలై నుంచి మరుసటి జూన్ వరకు ప్రాసెస్ అయిన రిటర్నుల ఆధారంగా వచ్చే ఏడాది వాటాను రాష్ట్రం లెక్కగడుతుంది. అందుకే మాంద్యం దెబ్బ సిటీ ఖజానాలో ఒకటి రెండేళ్ల తర్వాత కనిపిస్తుంది. 2008 దెబ్బ అలాగే ఆలస్యంగా తగిలింది. మంచి రోజుల్లో వచ్చిన పంపిణీని చూసి ఏటా వచ్చే జీతాల ఖర్చు పెంచుకున్న కౌన్సిల్, ఆ తర్వాత ఖాళీ పోస్టులు నింపలేక తిప్పలు పడుతుంది. ఈ పన్నుతో వచ్చే మిగులును చేతిలో చిల్లరలా ఖర్చు చేయకుండా నిల్వగా చూడాలి.

ఇంకో పేచీ: కౌంటీలో వసూలైన దాంట్లో ఎవరి వాటా ఎంతనేది ఎక్కువగా ఆయా యూనిట్ల (సిటీ, కౌంటీ, టౌన్‌షిప్ వగైరా) లెవీల నిష్పత్తిలో నడుస్తుంది. లెవీ ఎక్కువున్నవాడికి ఎక్కువ. ఖర్చు తగ్గించుకుని లెవీ కుదించుకున్న పట్టణానికి బహుమతి ఏమీ లేదు, పైగా వాటా తగ్గుతుంది.

కొలంబస్ నివాసి:
పక్క రాష్ట్రం ఒహాయోలో కథ తలకిందులు. ఇక్కడ ఓటింగ్ లేకుండా వేయగల ప్రాపర్టీ ట్యాక్స్ 10 మిల్లులే (ఒక మిల్లు అంటే వెయ్యిలో ఒక వంతు), అదీ మార్కెట్ విలువలో 35 శాతం మీద. అంటే అసలు విలువలో 0.35 శాతం. ఓటుతో వచ్చిన లెవీలను కూడా 1976 నాటి హౌస్ బిల్ 920 పట్టి ఉంచుతుంది: ఇళ్ల విలువ పెరిగితే రేటు దానంతట అదే తగ్గి వసూలు అంతే ఉంటుంది. అందుకే సిటీలు బతికేది మున్సిపల్ ఆదాయ పన్నుతో. 1 శాతం దాటాలంటే ఓటు కావాలి. కొలంబస్ 2.5 శాతం, దాని శివారు డబ్లిన్ 2 శాతం.

అసలు తేడా ఇది: ఇండియానాలో పన్ను మీరుండే కౌంటీకి వెళ్తుంది, ఒహాయోలో ముందు మీరు పనిచేసే సిటీకి. డబ్లిన్‌లో ఇల్లు, కొలంబస్‌లో ఆఫీసు ఉంటే 2.5 శాతం కొలంబస్ తీసుకుంటుంది, డబ్లిన్ 2 శాతం వరకు క్రెడిట్ ఇస్తుంది కాబట్టి మీకు అక్కడ బాకీ ఉండదు. ఇంటి నుంచి పనిచేసిన రోజులకు కొలంబస్ రీఫండ్ అడగొచ్చు, కానీ ఆ రోజులకు డబ్లిన్ 2 శాతం కట్టాలి. అంటే నికర లాభం అర శాతమే. రోజుల లెక్క, యజమాని సంతకం లేకుండా దరఖాస్తు పెడితే ఆగిపోతుంది. ఇండియానాపోలిస్ బాధ మాత్రం ఇందుకు ఉల్టా: హ్యామిల్టన్ కౌంటీలోని ఫిషర్స్ నుంచి రోజూ వచ్చేవాళ్లు దాని రోడ్లు వాడతారు, పన్ను హ్యామిల్టన్‌కు కడతారు.

హ్యామిల్టన్ ఇల్లు:
బాగా అర్థమైంది. మరి మారే తేదీ?

పన్ను బండి:
జనవరి 1న మీరు ఎక్కడ ఉంటే ఏడాదంతా ఆ కౌంటీ రేటే. ఫిబ్రవరిలో మేరియన్ నుంచి హ్యామిల్టన్‌కు మారినా ఆ ఏడాది 2.02 శాతమే. టెక్సాస్ నుంచి మార్చిలో వచ్చి, జనవరి 1న ఇండియానాలో నివాసమూ ముఖ్యమైన ఉద్యోగమూ రెండూ లేకుంటే ఆ ఏడాదికి కౌంటీ పన్ను సున్నా. రాష్ట్ర పన్ను మాత్రం ఉంటుంది. కంపెనీ పేరోల్ వాళ్లు చిరునామా చూసి అలవాటుగా కోసేస్తారు. పన్ను కోత కోసం కంపెనీకి ఇచ్చే డబ్ల్యూహెచ్-4 ఫారంలో జనవరి 1 నాటి కౌంటీ అడుగుతుంది, అక్కడ కొత్త కౌంటీ రాయకండి. ఇప్పటికే కోసేస్తే రాష్ట్ర ఆదాయ పన్ను రిటర్న్‌లో వెనక్కి వస్తుంది, ఏడాది మధ్యలో వచ్చినవాళ్లకు అది ఐటీ-40పీఎన్‌ఆర్ ఫారం.

ఇల్లు కొన్నాక అది హోమ్‌స్టెడ్‌గా, అంటే మీరు సొంతంగా ఉండే ఇల్లుగా, నమోదైందో లేదో కౌంటీ ఆడిటర్ రికార్డులో చూసుకోండి. నమోదు కాకపోతే 1 శాతం బదులు 2 శాతం సీలింగ్, డిడక్షన్లూ పోతాయి. ఆ ఇంటిని అద్దెకిచ్చి వేరే ఇంటికి మారితే 60 రోజుల్లో తెలియజేయాలి, లేకుంటే పాత పన్నుతో పాటు జరిమానా.

లెక్కల పంతులు:
ఒక హెచ్చరిక. 2025 ఏప్రిల్‌లో గవర్నర్ బ్రాన్ సంతకం చేసిన సెనేట్ చట్టం 1 పై లెక్కను మారుస్తోంది. సొంతింటి బిల్లులో 10 శాతం, గరిష్ఠంగా 300 డాలర్ల క్రెడిట్ 2026 బిల్లుల నుంచి. వ్యాపార యంత్ర సామగ్రికి మినహాయింపు 20 లక్షల డాలర్లకు పెరుగుతుంది. ఆ లోటుకు బదులుగా, ఒక స్థాయి జనాభా దాటిన సిటీలు సొంతంగా 1.2 శాతం దాకా ఆదాయ పన్ను వేసుకునే దారి తెరిచారు, అన్నీ కలిపి గరిష్ఠం 2.9 శాతం. తేదీలు, వాటాలు తర్వాతి సవరణల్లో మారొచ్చు కాబట్టి మీ సిటీ ఆర్డినెన్స్ ఓటు వరకు చూడండి. రాష్ట్ర గేట్‌వే సైట్‌లో మీ సిటీ బడ్జెట్ నోటీసు తీస్తే సీలింగ్ వల్ల పోయే మొత్తానికి అంచనా విడిగా కనిపిస్తుంది.

విజయవాడ వైపు:
ఇదంతా మన ఊళ్లలో కుదరదా అని ఎవరైనా అడిగే ముందే చెప్పేస్తాను. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను కేంద్ర జాబితాలోది, మున్సిపాలిటీ ముట్టుకోలేదు. జీతం మీద స్థానికంగా వేయగలిగేది వృత్తి పన్ను ఒక్కటే, దానికి రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠం పెట్టింది. అది 1988 నాటి అంకె, ఇప్పటికీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 20,000 దాటినవాళ్లు 200 చొప్పున 2,400 కడతారు, కోటి సంపాదించినా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును మూలధన విలువకు మార్చి, ఏడాది పెంపును 15 శాతానికి పరిమితం చేశారు. ఆ సీలింగ్ దగ్గర ఆగిన డబ్బును ఇంకెక్కడి నుంచీ నింపుకునే మీట మున్సిపల్ కమిషనర్ చేతిలో లేదు, నీటి చార్జీల లాంటివి తప్ప.