చర్చ: మెదడు స్కాన్లు వచ్చాక ఇక సైకాలజీ దేనికి?

రవి_బయోకెమ్:
పక్షవాతం వచ్చి మాట పడిపోతే దెబ్బ తగిలింది మెదడుకే. డిప్రెషన్‌కి వేసుకునే మాత్ర పనిచేసేదీ మెదడు మీదే. మరి మనసుకంటూ వేరే శాస్త్రం దేనికి? అన్నీ న్యూరోసైన్సే తేలుస్తుందని నా నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సైకాలజీ_టీచర్:
రవి గారూ, మెదడు లేనిదే మనసు లేదన్నది ఒప్పుకుంటాను. వేరే శాస్త్రం అక్కర్లేదన్న దగ్గరే నా పేచీ. హెచ్.ఎమ్. అనే రోగి సంగతి చూడండి. మూర్ఛలు ఎంతకీ తగ్గడం లేదని 1953లో అమెరికాలో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే లోపలి భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గానీ ఆ తర్వాత జరిగిందేదీ ఆయనకి గుర్తుండేది కాదు. ఇప్పుడే మాట్లాడి వెళ్లిన మనిషి మళ్లీ లోపలికొస్తే కొత్త మనిషే.

ఏం తీశారో సర్జన్‌కి తెలుసు. ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది పరీక్షలు పెట్టి తేల్చింది బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు. చెయ్యి నేరుగా కనబడకుండా అడ్డం పెట్టి, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ పెన్సిలు నడపమన్నారు. గీత దాటకూడదు. చాలా కష్టం, కావాలంటే ఇంట్లో చేసి చూడండి. మూడు రోజుల్లో ఆయన తప్పులు బాగా తగ్గాయి. అయినా ఆ పని ముందు చేసినట్టు ఆయనకి గుర్తే లేదు! చేతికి పట్టుబడే విద్య వేరు, జరిగింది గుర్తుండటం వేరు అని అలా బయటపడింది.

రవి_బయోకెమ్:
అప్పట్లో ఎఫ్ఎమ్ఆర్ఐ, అదే పనిచేస్తున్న మెదడుని చూపించే స్కాన్, లేదు కదండీ. ఇప్పుడుంది.

సైకాలజీ_టీచర్:
ఉంది. అది చూపించేది ఎక్కడ రక్తప్రవాహం, ఆక్సిజన్ మారాయన్నదే. ఆ మార్పు దేనికో తెలియాలంటే లోపల పడుకున్న మనిషికి సరైన పని ఇవ్వాలి. ఆ పని రూపొందించడమే సైకాలజీ.

నర్సు_లక్ష్మి:
నాదీ ఒక మాట. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ల మీద చేసిన ప్రయోగం ఒకటి 1978లో అచ్చయింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తోనే కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత ఎండార్ఫిన్లని (ఒంట్లోనే తయారయ్యే, నొప్పి తగ్గించే రసాయనాలు) పనిచేయకుండా అడ్డుకునే నాలోక్సోన్ అనే మందు ఇస్తే వాళ్లకే నొప్పి పెరిగింది. అంటే నమ్మకం వల్ల ఒంట్లో ఎండార్ఫిన్లు విడుదలయ్యాయన్నమాట.

రవి_బయోకెమ్:
చూశారా, చివరికి తేల్చింది రసాయనమే!

నర్సు_లక్ష్మి:
తేల్చింది, కాదనను. కానీ నొప్పి ఎంతుందో రోగిని అడిగే రాసుకున్నారండీ. ఆ రాత లేకపోతే నాలోక్సోన్ ఏం చేసిందో ఎలా తెలిసేది?