అన్నకు, వదినకు ఇద్దరికీ హెచ్ఐవి పాజిటివే, వదిన కిడ్నీ అన్నకు పెట్టచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి)
అందరికీ నమస్తే, పేరు చెప్పలేను ఏమనుకోకుండ్రి. మా అన్నకు పన్నెండేండ్ల నుంచి హెచ్ఐవి, ఎంజీఎం దవాఖానల ఏఆర్టీ, అంటే వైరస్‌ను అణిచే మందులు తీసుకుంటడు, ఒక్క నెల తప్పలే. కానీ బీపీతోని కిడ్నీలు రెండు పోయినయ్, ఏడాదిన్నర నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. డయాలసిస్ సూదుల కోసం చేతిల రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిండ్రు, దాని మీద చెయ్యి పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు గుయ్యిమంటది, మా పిల్లలు పోటీ పడి ముట్టి చూస్తరు. ఇప్పుడు మా వదిన నా కిడ్నీ ఇస్త అంటాంది. ఆమెకు కూడా పాజిటివే, ఇద్దరికీ ఉన్నదాయె కొత్తగ అంటేదేముంది అని ఆమె మాట. ఒక ప్రైవేట్ దవాఖానల అడిగితే ఫైల్ల హెచ్ఐవి అని చూడంగనే మూసి చేతిల పెట్టిండ్రు. అమెరికాల ఇట్ల చేస్తరని యూట్యూబ్ల చూసిన, నిజమేనా?

జవాబు 1
నిజమే అన్నా. కానీ మొదలుపెట్టింది అమెరికా కాదు, దక్షిణాఫ్రికా. 2008ల కేప్‌టౌన్‌ల ఎల్మీ ముల్లర్ అనే సర్జన్, చనిపోయిన పాజిటివ్ వాళ్ల కిడ్నీలు పాజిటివ్ పేషెంట్లకు పెట్టింది, ఎందుకంటే అక్కడ సర్కారు దవాఖానల్ల వీళ్లకు డయాలసిస్ దొరుకుడే కష్టం అప్పుడు. అమెరికాల 1988 నుంచి చట్టమే అడ్డం ఉండె, 2013ల హోప్ చట్టం తెచ్చి తీసేసిండ్రు, 2016ల జాన్స్ హాప్కిన్స్‌ల మొదటి ఆపరేషన్లు, 2019ల అక్కడనే బతికున్న పాజిటివ్ ఆమె ఒకామె కిడ్నీ ఇచ్చింది. 2024ల 198 మంది కిడ్నీ పేషెంట్ల లెక్క వచ్చింది, సగం మందికి పాజిటివ్ దాతలవి సగం మందికి మామూలువి, బతికినోళ్ల లెక్క రెండు దిక్కుల ఇంచుమించు ఒక్కటే.

జవాబు 2 (కరీంనగర్, డయాలసిస్ టెక్నీషియన్)
అంటేదేముంది అనుడు మాత్రం తప్పు, వదినమ్మకు జర నిమ్మళంగ చెప్పుండ్రి. వైరస్‌ల రకాలుంటయ్, ఆమెకున్నది మందులకు లొంగని రకమైతే అది కిడ్నీతోని అన్నకు పోతది. ఇంకోటి, ఆమె ఏండ్ల తరబడి టెనోఫోవిర్ అనే హెచ్ఐవి మందు ఉన్న గోళి మింగుతుంటే అది కిడ్నీ మీద భారం, రేపు ఒక్కదాంతోని ఆమె గతేంది? మా దగ్గర ఒకాయన ఉన్నడు, ఆయన భార్య మందు డబ్బాల లేబుల్ గోరుతోని గీకి పప్పు డబ్బాల వెనుక పెడ్తది, అంత దాచిపెట్టి ఇల్లు నడిపేటామె మంచం పడితే ఎవలు చూస్తరు.

మన దగ్గర మామూలుగ పాజిటివ్ వాళ్లను దాతగ తీసుకోరు. కానీ పాజిటివ్ ఉన్నోళ్లకు కిడ్నీ పెట్టుడు వేరే ముచ్చట, అది మన దేశంల కూడా చేసిండ్రు. వైరల్ లోడ్, అంటే రక్తంల వైరస్ లెక్క, కనపడకుండ ఉండాలె, సీడీ4, అంటే రోగాలతోని కొట్లాడే కణాల లెక్క, రెండొందల పైన ఉండాలె. మందుల కలయిక చూసుకోవాలె, హెచ్ఐవి మందుల్ల రిటోనావిర్ ఉంటే, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండ ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు రక్తంల ఎగబాకుతది, డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవి మందుతోని ఆ లొల్లి లేదు. 2017 హెచ్ఐవి చట్టం ప్రకారం హెచ్ఐవి ఉన్నదని వైద్యంల వివక్ష చూపొద్దు, ఫైల్ మూసినోళ్లను ఎందుకు చేయరో కాయితం మీద రాసియ్యమనుండ్రి. చనిపోయినోళ్ల అవయవాలు ఇప్పిచ్చే సర్కారు పథకం జీవన్‌దాన్‌ల పేరు రాపిచ్చిండ్రా లేదా?

జవాబు 3
అందరు వదినమ్మ గురించే మాట్లాడుతుండ్రు. తమ్మీ, నీకు నెగెటివ్ కదా? సొంత తమ్ముడు అంటే చట్టంల దగ్గరి బంధువే, బ్లడ్ గ్రూప్ చూపిచ్చుకున్నవా?

ప్రశ్న అడిగినాయన
జీవన్‌దాన్‌ల ఇంక రాపియ్యలే, సోమవారం డాక్టర్‌ను అడుగుత. గ్రూప్ ఇద్దరిదీ బీ పాజిటివే, చూపిచ్చుకునుడు మా ఆవిడకు ఇంక చెప్పలే. రాత్రి ఇది చదివినంక అన్న గదిలకు పోయి కూసున్న, నీళ్లు లెక్క ప్రకారం తాగాలె కదా, చిన్న స్టీలు గ్లాసుల మంచుముక్క ఒకటి చప్పరిస్తాండు, ఏందిరా అన్నడు, ఏం లేదన్న అన్న.