విధ్వంసక్, బారెట్ ఒకటేనా? 12.7 తూటా రెండింట్లోనూ పడుతుందా?

కోనసీమ_కుర్రోడు:
భీమవరం కోచింగు నోట్సులో భారీ రైఫిళ్లయిన మన విధ్వంసక్‌నీ అమెరికా బారెట్‌నీ ఒకే గాటన కట్టేశారండి. రెండూ 12.7 మి.మీ. కాబట్టి తూటా ఒకటేనట. ఇంకో అనుమానం. విధ్వంసక్ కుటుంబంలో 20 మి.మీ. రకానికి 14.5 కన్నా గురి దూరం తక్కువంటున్నారు. లావు తూటా ఇంకా దూరం పోవాలి కదండీ?

తణుకు_లేతుపని:
ఆ నోట్సు పక్కన పడేయండి. బారెట్‌ది 12.7×99, నాటో తూటా. విధ్వంసక్‌ది 12.7×108, రష్యా వరస. రెండో అంకె ఇత్తడి కేసు పొడవు. 108ని 99 చాంబర్లో (తూటా కూర్చునే గది) పెడితే, దాన్ని వెనక నుంచి మూసే బోల్టే మూసుకోదు. అదే 99ని 108 చాంబర్లో పెడితే ఇంకా ప్రమాదం, కేసు భుజానికి ఆసరా లేక చిట్లిపోతుంది.

లోపలి పనితనమూ వేరు. బారెట్ ఎం82లో పేలగానే బ్యారెల్, బోల్టు కలిసి అంగుళం దాకా వెనక్కొస్తాయి. అప్పుడు బోల్టు తిరిగి విడిపోయి, ఖాళీ కేసును బయటికి తోసి కొత్త తూటా ఎక్కిస్తుంది. మ్యాగజైన్లో 10. విధ్వంసక్‌లో ప్రతిసారీ బోల్టు చేత్తో లాగాల్సిందే.

రాజోలు_రావుగారు:
20 మి.మీ. సంగతి నేను చెప్తానండి. విధ్వంసక్‌కి మూలం దక్షిణాఫ్రికా డెనెల్ వారి ఎన్‌టీడబ్ల్యూ-20. ముడుపుల ఆరోపణలతో 2005లో ఆ కంపెనీతో ఒప్పందాలు ఆపేశాక, తిరుచిరాపల్లి కర్మాగారం మన సొంత రకం తయారుచేసింది. డెనెల్ 20 మి.మీ. తూటా 20×82, రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ విమాన ఫిరంగిది. కేసు పొట్టి, మందు తక్కువ. గుండు 110 గ్రాముల దాకా ఉంటుంది, వేగం సెకనుకి 720 మీటర్లే. 14.5×114 గుండు 64 గ్రాములు, వేగం వెయ్యి మీటర్ల దరిదాపుల్లో. అందుకే డెనెల్ లెక్కలో 20కి 1,500 మీటర్లు, 14.5కి 2,300. ధవళేశ్వరం బరాజ్ నాలుగు భాగాలూ కలిపి 3.6 కి.మీ. అనుకుంటే, అందులో మూడింట రెండొంతులు. మరి 20 ఎందుకంటారా? గుండులో పేలుడు మందు పడుతుంది. రాడార్లు, నిలిపి ఉంచిన విమానాలే దాని లక్ష్యం.

విధ్వంసక్ కాలిబర్ (తూటా లావు) మార్చాలంటే బ్యారెల్, బోల్టు, మ్యాగజైన్‌తో పాటు స్కోపు కూడా మారాలి. గుండు కిందికి జారే తీరు వేరు మరి. స్కోపు సంగతి చాలామంది మర్చిపోతారు.

తణుకు_లేతుపని:
బారెట్ రకాల్లో పరీక్షకి పనికొచ్చే మెలిక ఒకటుంది. అమెరికా సైన్యం ఎం107 పేరుతో పెట్టిన తుపాకీ ఎంపిక పోటీలో ముందు నెగ్గింది, చేత్తో బోల్టు లాగే రకం ఎం95. తర్వాత మనసు మార్చుకుని సెమీ ఆటోమేటిక్ (తూటా తనే ఎక్కించుకునే) ఎం82 రకానికే ఆ పేరు పెట్టారు. ఎం82ఏ2 భుజం మీద పెట్టి కాల్చే బుల్‌పప్ (మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనకుండే రకం), పెద్దగా నిలవలేదు.

కోనసీమ_కుర్రోడు:
మరి ఎం107ఏ1 ఎందుకండీ?

తణుకు_లేతుపని:
సైలెన్సర్ కోసం. ఎం82లో బ్యారెలే కదులుతుంది. దాని మూతికి బరువు తగిలిస్తే వెనక్కొచ్చే వేగం తగ్గి, తూటా ఎక్కడం తడబడుతుంది. ఆ బరువుని లెక్కలో వేసుకుని ఏ1ని మళ్లీ గీశారు. మూతి బ్రేకు (బ్యారెల్ చివరి తొడుగు) టైటానియంది, మొత్తం తుపాకీ పాతదానికన్నా రెండు కిలోల పైచిలుకు తేలిక. బ్రేకు గాలిని పక్కలకీ వెనక్కీ తోస్తుంది కాబట్టి తన్ను తగ్గుతుంది గానీ, ఎండు నేల మీద దుమ్ము లేచి కాల్చినవాడి చోటు బయటపడిపోతుంది.